సంతకమునకు ముందు
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఈ వేదికపై మార్కులను గూర్చియు, మాతృభాషను గూర్చియు ముచ్చటించుట మా వాడుక. ఈ యేడు వేరొక సంగతి చెప్పవలసివచ్చినది.

మన విద్యార్థి తండ్రి యొకరు శూళగిరి వైపునుండి గులాబీల మూటతో హోసూరు పూల మార్కెట్టునకు మోటారు సైకిలుపై వచ్చుచుండగా, త్రాగి కారు నడుపుచున్నవాడొకడు వెనుకనుండి ఢీకొట్టెను. కాలు విరిగినది. కారువాని బంధువులు ఆసుపత్రికే వచ్చి, ఇరువదివేల రూపాయలు చేతిలో నుంచి, తమిళమున వ్రాసిన కాగితముపై సంతకము చేయించుకొనిరి. ఆయన తమిళము మాటలాడగలరే గాని చదువనేరరు. తప్పు తనదేనని అందులో నున్నట్లు, మూడు నెలల పిదప మేము చదివి చెప్పినప్పుడే ఆయనకు తెలిసినది. అప్పటికే పిల్లవాడు బడి మాని టమోటా మండీలో కూలికి పోవుచుండెను.

అంతటితో వ్యవహారము ముగిసినదని ఆయన తలంచిరి. న్యాయవాది నడుగగా, ఆ కాగితమెట్లు పుట్టినదో ట్రిబ్యునలు విచారింపవచ్చుననియు, అయితే మన పని బరువెక్కినదనియు చెప్పిరి.

త్రాగి నడిపినవానిపై పోలీసు కేసు వేరు, మన నష్టపరిహారము వేరు. మొదటిదానిలో విధించు జరిమానా ప్రభుత్వమునకు చేరును. రెండవదానికి 1988 నాటి మోటారు వాహనముల చట్టము 166వ సెక్షను క్రింద మనమే అర్జీ పెట్టుకొనవలెను. వైద్యపు ఖర్చు, పోయిన కూలి, మునుముందు తగ్గు సంపాదన, అన్నియు అందులో అడుగవచ్చును. రసీదులు పారవేయకుడు.

"త్రాగినవాని బండికి ఇన్సూరెన్సు రాదట" యని పలువురు నిరాశపడుదురు. రానిది సాధారణముగా వాని కారు మరమ్మతునకు. దెబ్బ తిన్నవారికి కంపెనీ ముందు చెల్లించి, పిదప యజమానివద్ద రాబట్టుకొనవలెనని న్యాయస్థానములు అనేక తీర్పులలో ఆదేశించినవి. కారు బెంగుళూరుదైనను మనము బెంగుళూరు పోనక్కరలేదు. మనము నివసించు చోటనే అర్జీ వేయవచ్చును.

అయితే కాలము ముఖ్యము. రక్తమున 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించి మద్యమున్న నేరము. అరెస్టయిన రెండు గంటలలో వైద్యపరీక్ష జరుగవలెను. కావున ఆ వాసన సంగతి మొదటి ఫిర్యాదులోనే వ్రాయింపుడు. వ్రాసినదానిని చదివి వినిపింపుమనుడు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఫిర్యాదీకి ఉచితముగా ఈయవలెను. 2022 ఏప్రిల్ 1 నుండి అర్జీకి ఆరు నెలల గడువు వచ్చినది. దానిపై సుప్రీంకోర్టులో వ్యాజ్యములు నడచినను, వానిని నమ్ముకొని కూర్చుండరాదు.

జాతీయ రహదారులకు 500 మీటర్లలోపు మద్యపు దుకాణములు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెప్పినది. మరుసటి యేడు పట్టణములకు సడలింపు వచ్చినది. ఏమైనను, కారున్నవానికి 500 మీటర్లొక దూరమా?

పిల్లవాడు మరల తరగతికి వచ్చుచున్నాడు. తండ్రి అర్జీ విచారణలో నున్నది. మా తమిళ ఉపాధ్యాయులు శనివారము సాయంకాలము కార్యాలయమున నుందురు. మీకందిన కాగితమేదైనను, సంతకమునకు ముందే తెచ్చి వారికి చూపుడు.