దండోరా: వేసేవారు, వేయించేవారు

జీవితమంతా జనం నోటి మాట కోసం నిలబడ్డ గిడుగు రామమూర్తి గారి పేరిట మాట్లాడేటప్పుడు వీధిలో పుట్టి పెరిగిన మాటనే ఎత్తుకోవడం న్యాయం. అందుకే నేటి ఉపన్యాసానికి ‘దండోరా’ను ఎంచుకున్నాను.

నలుగురి దృష్టినీ ఒక విషయం మీదికి తిప్పడానికి తెలుగులో ‘చాటు’ అనే సొంత ధాతువు ఉంది. తమిళంలోని ‘సాట్రు’ దాని తోబుట్టువు. చాటింపు అందులోంచే వచ్చింది. దండోరా ఆ ఇంటిది కాదు. హిందీ ఢిండోరాకూ, తమిళులు వాడే తండోరాకూ చుట్టం. బయటి నుంచి వచ్చినా మన ఊళ్లలో పాతుకుపోయింది.

చాటింపుకు వేళ ఎక్కువగా పొద్దుగూకే వేళే. పొలాల నుంచి జనం ఇళ్లకు చేరాక డప్పును గడ్డిమంట మీద కాచి, బిగువు చూసుకుని బయల్దేరేవారు. కూడలిలో డప్పు కొట్టే చిర్ర, చిటికెన పుల్ల కలిసి గబగబా మోగి టక్కున ఆగేవి. ఆ వెంటనే “ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా...” అని గొంతు లేచేది. శిస్తు గడువు, వేలంపాట, జాతర, ఏదైనా సరే ఆ గొంతులోంచే ఊరికి తెలియాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ కూడా, 21వ ఆర్డరు 54వ నిబంధనలో, స్థిరాస్తి జప్తు ఉత్తర్వును డప్పు కొట్టి గానీ, ఆనవాయితీగా వస్తున్న మరో పద్ధతిలో గానీ చాటాలని చెప్పింది.

ఇక్కడ మన క్రియాపదాన్ని గమనించండి. ఊరిపెద్ద దండోరా ‘వేయించాడు’. మాదిగ ‘వేశాడు’. కబురు ఒకరిది, గొంతు మరొకరిది. ఊరంతటినీ పిలిచి నిలబెట్టగలిగినవాడికి తన మాట చెప్పుకునే హక్కు లేదు. కులవ్యవస్థ చేసిన అన్యాయమంతా ఆ ఒక్క ప్రేరణార్థక ప్రత్యయంలో కనిపిస్తుంది.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఈ లెక్క తిరగబడింది. మందకృష్ణ మాదిగ, ఆయన సహచరులు మొదలుపెట్టిన ఎస్సీ వర్గీకరణ ఉద్యమాన్ని జనం ‘మాదిగ దండోరా’ అన్నారు. దాచుకోమన్న కులం పేరును వాళ్లు తమ పేర్ల పక్కన రాసుకున్నారు. ఊరి కబురు మోసిన డప్పు మీద తమ కబురు మోగించారు. వర్గీకరణపై దళితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి, వాటినీ గౌరవంగా వినాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణ చెల్లుతుందని 6–1 మెజారిటీతో తీర్పిచ్చింది. ముప్పై ఏళ్ల పాటు ఆ మోత ఆగలేదు.

2022లో తమిళనాడు ప్రభుత్వం మనుషుల చేత తండోరా వేయించడం మానేసి, బండ్లకు మైకులు కట్టి చాటించమంది. మంచి నిర్ణయం. వేయించే దండోరా పోవాలి, తనకోసం తాను వేసుకునే దండోరా బతకాలి. రేపు తెలుగు నిఘంటువులు కూర్చేవారికి నా విన్నపం ఒక్కటే: ‘దండోరా’ దగ్గర ప్రభుత్వ ప్రకటన అన్న అర్థంతో ఆగకండి. ‘తమ హక్కును తామే నలుగురిలో చాటుకోవడం’ అన్న అర్థాన్నీ చేర్చండి. ఆ అర్థాన్ని సంపాదించిపెట్టింది డప్పు పట్టిన చేతులే.