ఇంట్లో కరెంటు పని: మనం చేయదగినది, చేయరానిది

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పే మాస్టరును. రోజూ పిల్లలకు ‘బర్ఖీ రౌ’ అని చెప్పేదాన్ని ఈ పూట మీకు కరెంటు అని చెప్పబోతున్నాను. తెలుగులో ఎక్కడైనా తడబడితే సర్దుకోండి. కార్యదర్శిగారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. విద్య గురించి మాట్లాడేవారు నాకంటే ముందే ముగ్గురున్నారు కనుక, ఇంటి కరెంటు పని గురించి చెబుతానని అడిగి ఒప్పించుకున్నాను.

మన ఇళ్లలో చిన్నచిన్న రిపేర్లు మనమే చేసుకుంటాం. మా అబ్బా సైకిలు పంక్చరు దగ్గర నుంచి ఇస్త్రీపెట్టె ఎలిమెంటు దాకా తానే చూసుకునేవారు. ఆయన పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడి నేర్చుకున్నవాణ్ణి నేను. కాబట్టి చేయొద్దని చెప్పడానికి రాలేదు. ఎంతవరకు మన పని, ఎక్కడ ఆగాలి అన్నదే నా విషయం. ఆ హద్దు నాకు మా ఇంట్లోనే, చాలా చెడ్డ రోజున తెలిసింది.

అది 2011 మే నెల. మా వెనక గదిలో రేకు కూలరు ఉండేది. ఆ గదికి ముందు గది నుంచి తీగ లాగి కొత్త బోర్డు పెట్టింది నేనే. రెండు తీగలే లాగాను, మూడో తీగ దండగ అనుకున్నాను. రెండూ ఒకే రంగు. కూలరుకు మూడు పిన్నుల ప్లగ్గు వచ్చింది, నా బోర్డులో ఉన్నవి రెండు రంధ్రాలు. ప్లగ్గు కోసి టూ పిన్ను బిగించాను. రెండు వేసవులు బాగానే నడిచింది, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మీ బిందెతో కూలరులో నీళ్లు పోస్తున్నారు. కింద తడిసిన కడప బండ, కాళ్లకు చెప్పుల్లేవు. లోపల పంపు తీగ రేకు అంచుకు రాసుకుని పై తొడుగు పోయి ఉందని మాకెవరికీ తెలియదు. ఒక్క అరుపు వినిపించింది. నేను పరిగెత్తి స్విచ్చి ఆపాను. కూలరు ఫ్యాను ఆగిపోయింది. అమ్మీ చెయ్యి మాత్రం రేకును వదల్లేదు! స్విచ్చి ఆపాను కదా, ఇంకా ఎందుకు పట్టి ఉంది? ఆ రెండు మూడు క్షణాలు నేను బొమ్మలా నిలబడిపోయాను. ప్లగ్గు పీకింది నా భార్య. అమ్మీ కింద పడ్డారు. ప్రాణం దక్కింది, వేళ్లు కాలాయి, కుడి చెయ్యి చాలా రోజులు పైకి లేవలేదు.

సాయంత్రం టెస్టరు పెట్టి చూస్తే విషయం తెలిసింది. ఒకే రంగు తీగలు కావడంతో నేను స్విచ్చిని ఫేజుకు బదులు న్యూట్రల్ మీద పెట్టాను. అలా పెట్టినా ఫ్యాను తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది, తప్పు బయటపడదు. కానీ స్విచ్చి ఆపినా ఫేజు కూలరు లోపలికి వస్తూనే ఉంటుంది. ఓమ్ సూత్రం ఏళ్ల తరబడి బల్ల గుద్ది చెప్పిన మాస్టరు ఇంట్లో జరిగింది ఇది. తీగలు అమ్మిన షాపువాణ్ణి గానీ, కూలరు చేసినవాణ్ణి గానీ అనడానికి నాకు నోరు లేదు.

మరి ఫ్యూజు ఎందుకు పోలేదని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. మనకొచ్చే కరెంటు 230 వోల్టులు. ఒళ్లు తడిసి ఉంటే మనిషి నిరోధం వెయ్యి ఓముల దాకా పడిపోవచ్చు. భాగించండి: 0.23 ఆంపియర్లు. ఫ్యూజు ఐదు ఆంపియర్లది. దాని లెక్కలో ఇది ఒక చిన్న బల్బు వెలిగినంతే, అది కదలదు. గుండె లయ తప్పడానికి మాత్రం అందులో సగం కూడా చాలు. ఫ్యూజైనా, ఇప్పటి ఎం.సి.బి. అయినా తీగలు కాలిపోకుండా కాపాడతాయి. తీగను ముట్టుకున్న మనిషిని కాపాడటం వాటి పని కాదు.

మనిషిని కాపాడేది మూడో పిన్ను. అందుకే దాన్ని మిగతా రెండింటికంటే లావుగా, పొడుగ్గా చేశారు. ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటే ముందు అదే తగలాలి, తీసేటప్పుడు చివరగా అదే వదలాలి. ఎర్తు తీగ సరిగా ఉంటే, ఫేజు రేకుకు తగిలిన క్షణమే ఎక్కువ కరెంటు భూమిలోకి పారి ఫ్యూజు ఎగిరిపోతుంది. మనం ముట్టుకునేసరికి రేకు చల్లగా ఉంటుంది. అయితే ఆ తీగ చివర ఇంటి పక్క గుంటలో ఉన్న పైపు ఎండిన మట్టిలో ఉంటే లాభం లేదు. బొగ్గు, ఉప్పు వేసి పైపు పాతేది అక్కడ తేమ నిలవడానికే. ఎండాకాలంలో ఆ గుంటలో నీళ్లు పోయాలి. మనలో కొందరు ఆ గుంట మీద బండ పరిచి బాత్‌రూము కూడా కట్టేశారు, పేర్లు చెప్పను.

దీనికి తోడు ఆర్.సి.సి.బి. అనే పరికరం వచ్చింది. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో చిన్న భాగంలో మెయిను పడేస్తుంది. ఇళ్లకు ఈ 30 రకమే అడిగి తీసుకోండి. దాని మీద టెస్టు బటను ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి, పడాలి. కానీ ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది కూడా ఏమీ చేయలేదు.

ఇక ఫ్యూజు సంగతి. మన మాటల్లో బడి ఫీజూ ‘ఫీజే’, ఇదీ ‘ఫీజే’, రెండూ కట్టాల్సినవే. మాటిమాటికీ పోతోందని పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజుకు మామూలు తీగ పోగులు నాలుగైదు మెలిపెట్టి చుడతారు. దాంతో ఫ్యూజు పోదు, గోడలో తీగ కాలుతుంది. వెయ్యి వాట్ల హీటరు నాలుగు ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. రంజాన్‌లో సహరీ వేళ నీళ్ల హీటరు, ఇస్త్రీపెట్టె ఒకే బోర్డు నుంచి పెడితే ఐదు ఆంపియర్ల ఫ్యూజు పోవడం దాని ధర్మం.

ఇప్పుడు హద్దు ఎక్కడో చెబుతాను. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలోనే ఇది ఉంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివి ఉన్న చోట ఉన్నట్టుగా మార్చుకోవడానికి మినహాయింపు ఇచ్చారు. కొత్తగా తీగ లాగడం, పాయింటు పెంచడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలన్నారు. ఈ నిబంధన చదివాక నాకు సిగ్గేసింది: నేను చేసింది సరిగ్గా ఆ రెండో రకం పని. స్విచ్చి మార్చేటప్పుడు కూడా మెయిను ఆపాలి, ఆపాక టెస్టరుతో చూడాలి. ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో ముందుగా కరెంటున్న చోట పెట్టి చూసుకోవాలి.

ఈ రాత్రే ప్రతి ఇంట్లో ఒక పరీక్ష చేయవచ్చు. పెద్దవాళ్లే చేయండి. ప్లగ్గు స్విచ్చి ఆపి, రెండు రంధ్రాల్లోనూ టెస్టరు పెట్టండి. ఏ ఒక్కదానిలో వెలిగినా ఆ స్విచ్చిని నమ్మవద్దు, మా ఇంటి తప్పే మీ ఇంట్లోనూ ఉండవచ్చు.

అక్కచెల్లెళ్లకు ఒక మాట. పగలు ఇంట్లో ఉండేది ఎక్కువగా మీరు. మెయిను ఎక్కడుందో, ఎటు తిప్పితే ఆగుతుందో మీకు తెలియాలి. మెయిను ముందు బీరువా, బియ్యం బస్తాలు ఉంటే జరిపించండి. షాక్ కొట్టినవారిని చేత్తో లాగవద్దు. మెయిను ఆపండి, కుదరకపోతే ఎండిన కర్రతో నెట్టండి. బట్టలు ఆరేసే ఇనుప తీగను కరెంటు తీగ వచ్చే పైపుకు కట్టి ఉంటే ఇవాళే విప్పి, నైలాను తాడు కట్టండి.

చివరగా సంఘానికి నా మనవి. మన పిల్లల్లో ఐ.టి.ఐ.లో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు చదివినవారు ఉన్నారు. మగదిక్కు లేని ఇళ్లు, వృద్ధులు మాత్రమే ఉండే ఇళ్లు ఈ ఎండలు ముదిరేలోగా వారిచేత చూపించాలి. పరీక్ష చేయడం వారి వంతు. కొత్త ఎర్తు వేయవలసిన చోట లైసెన్సు ఉన్నవారిచేతనే వేయించాలి, ఆ ఖర్చు సంఘం భరించాలి. మొదటి ఇంటి ఖర్చు నేనిస్తాను. ఇంటి పేరు రాయించదలచినవారు భోజనాలకు ముందే నా దగ్గరకు రండి, నోటుబుక్కు తెచ్చాను.