ఆరు వారాల తేడా



కీసరగుట్ట నీడలో న్యాయశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీకు ఒక పాత కేసు చెప్పాలని వచ్చాను.

తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడిన పన్నెండు మందికి ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఉరిశిక్ష వేశాయి. 1949 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. మధ్యలో ఉన్నది ఆరు వారాలే. వాళ్ల తరఫున లండన్ నుంచి బారిస్టర్ డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించారు. 1950లో ఆ కోర్టు ఏం చెప్పిందో మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాజ్యాంగం రాకముందు హైదరాబాద్ కోర్టులు భారత భూభాగంలోని కోర్టులు కావట, అందుకని అప్పీలు వినే అధికారం తమకు లేదట! మెడ అదే, తాడు అదే. చట్టం మాత్రం ఒక తేదీ దగ్గర ఆగిపోయింది. చివరికి దేశ విదేశాల్లో జనం గొంతెత్తాక ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి.

చట్టం తేదీ దగ్గరే కాదు, సముద్రం దగ్గర కూడా ఆగుతుంది. బ్రిటన్ 1965లో తన గడ్డమీద హత్యానేరానికి ఉరి ఆపేసింది. తన ఏలుబడిలోని కేమన్, ఆంగ్విల్లా, మాంట్‌సెరాట్ వంటి కరీబియన్ దీవుల్లో మాత్రం 1991 దాకా ఆ శిక్ష చట్టంలో ఉండనిచ్చింది. అక్కడి సభలు ఒప్పుకోకపోయేసరికి రాణి మండలి ఉత్తర్వుతో రద్దుచేసింది. స్థానికుల మాట కాదనడం సబబా అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అయినా ఉరికంబం విషయంలో నేను ఆ ఉత్తర్వు పక్షమే. ఇరవై ఆరేళ్ల ఆలస్యమే నాకు కంటగింపు.

మనకు రాజ్యాంగం ఉండగానే 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీలో, రైతు ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారు వాళ్ల ప్రాణాల కోసం చివరిదాకా పోరాడారు. అంతకుముందు ఉరి ఆఖరి గంటల్లో ఆగింది కూడా. ఆ డిసెంబరులో మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఆ జైలు స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. ఉరి మాత్రం కొత్తగా వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది.

చర్లపల్లి జైలు ఇక్కడికి దగ్గరే. నల్లకోటు కొత్తదనం పోకముందే వెళ్లండి. వకీలును పెట్టుకునే స్తోమత లేని ఒక ఖైదీ కేసు కట్ట అడిగి తీసుకుని, మొదటి కాగితం నుంచి తీర్పు తేదీ దాకా చదవండి.