పట్టా సరే, టైటర్ ఎంత?

పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోబోతున్న మీకూ, మిమ్మల్ని ఇంతదాకా తెచ్చిన అమ్మానాన్నలకూ అభినందనలు. పెద్ద మాటలు పెద్దలు చెబుతారు. నేను లివర్ డాక్టర్‌ని, హెపటైటిస్ బి గురించే మాట్లాడతాను.

దాని టీకా మూడు డోసులూ వేయించుకున్నవాళ్లు చేతులెత్తమంటే హాలంతా చేతులే లేస్తాయి. ఆ తర్వాత టైటర్, అంటే రక్తంలో యాంటీబాడీ ఎంతుందో, చూపించుకున్నదెవరంటే చాలా చేతులు దిగిపోతాయని నా అనుమానం. చివరి డోసు అయిన ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లకు చేరాలి. పెద్దయ్యాక టీకా వేయించుకున్నవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికి చేరదు. వాళ్లకు ఇంకో విడత వేసి మళ్లీ చూడాలి.

ఏళ్లు గడిచాక అదే పరీక్ష చేస్తే అంకె పడిపోయి కనిపించవచ్చు. కంగారు పడకండి. ఒకసారి 10 దాటిన ఒంట్లో జ్ఞాపక కణాలు మిగిలే ఉంటాయి. ఈ వైరస్ జబ్బుగా బయటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఆ కణాలు యాంటీబాడీలు తయారుచేయడానికి కొద్ది రోజులు చాలు. అలాస్కాలో 1981లో టీకా వేసినవాళ్లను ముప్పై ఏళ్లు దాటేదాకా గమనిస్తే, అత్యధికుల్లో రక్షణ నిలిచే ఉంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు బూస్టర్లు అక్కర్లేదంటాం. చిక్కల్లా మొదట్లో పరీక్ష చేయించుకోనివాళ్లతోనే. పదేళ్ల తర్వాత తక్కువ అంకె వస్తే, వచ్చి తగ్గిందో, అసలు రానేలేదో ఎలా చెప్పేది?

1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తన టీకాతో ధరలు దించింది. అయినా ప్రభుత్వ టీకా కార్యక్రమం 2011లో గానీ దేశమంతటికీ చేరలేదు, అప్పటికే మీరు బడిలో ఉన్నారు. కాబట్టి చిన్నప్పుడే వేసుంటారులే అనుకోకండి, కార్డు వెతకండి.

హెచ్‌ఐవీ రోగికి వాడిన సూది గుచ్చుకుంటే వణికిపోతాం. అక్కడ ముప్పు వెయ్యికి ముగ్గురు. టీకా లేనివాళ్లకు హెపటైటిస్ బి ముప్పు నూటికి ముప్పై దాకా ఉండొచ్చు. ఎండిన రక్తంలోనూ ఈ వైరస్ వారం రోజులు బతుకుతుంది. ఆ రక్తం తుడిచేది ఆయమ్మ, ఆ చెత్త సంచీ మోసేది ఔట్‌సోర్సింగ్ కుర్రాడు. వాళ్ల టైటర్ సంగతి అటుంచండి, మొదటి డోసైనా పడిందా?

కొత్త ఆసుపత్రిలో చేరిన వారంలోనే మీ రిపోర్టుతో పాటు వాళ్ల టీకా రిజిస్టరు కూడా అడగండి. అలాంటిదేమీ లేదంటే, సూపరింటెండెంట్‌గారి గది ఎటో కనుక్కోండి.