ఇల్లు వదిలినా వదలని లీజు

(స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అద్దె ఇంటి కాగితాల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం ఆశ్చర్యపోయారు. కుటుంబ హింస మీద పెట్టిన సమావేశంలో ఇదేం విషయం అనుకుని ఉంటారు. అమెరికాకు భర్తతో వెళ్లిన తెలుగు స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు నేనూ మొదట దీన్ని పట్టించుకోలేదు. వీసా గురించి అడిగాను, కట్నం గురించి అడిగాను, దెబ్బల గురించి అడిగాను. అద్దె గురించి అడగాలని తోచలేదు. టెక్సాస్‌లో, డాలస్ పక్క ఊళ్లో మూడేళ్లు కాపురం చేసి తిరిగొచ్చిన ఒకమ్మాయి తనే చెప్పింది. "ఇల్లు వదిలి వచ్చేశాను మేడమ్. ఆర్నెల్ల తర్వాత బాకీలు వసూలు చేసే కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. ఆయన కట్టని అద్దె నేను కట్టాలట. నా పేరున అక్కడ బ్యాంకు ఖాతా కూడా లేదు" అంది.

ఇదెలా జరిగింది? భర్తది హెచ్-1బి వీసా, ఆమెది హెచ్-4. అక్కడ అపార్ట్‌మెంట్లు నడిపే కంపెనీలు సాధారణంగా ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్లందరి చేతా లీజు మీద సంతకం పెట్టిస్తాయి. అందులో బాధ్యత "ఉమ్మడిగానూ విడివిడిగానూ" అని ఒక మాట ఉంటుంది. అంటే బాకీ మొత్తాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. సగం కాదు, మొత్తం. గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన కుటుంబాల్లోని హెచ్-4 భార్యలకు 2015 నుంచి పని అనుమతి దొరుకుతోంది. మిగతావాళ్లలో చాలామందికి సంపాదించే హక్కే లేదు. సంపాదించకూడదని ఒక చట్టం, బాకీ తీర్చాలని ఇంకో ఒప్పందం. "సంతకం పెట్టమన్నారు, పెట్టాను" అని నాతో చెప్పినవాళ్లలో ఇంజనీర్లున్నారు, ఎమ్మెస్సీలున్నారు.

మనిషి బయటికి నడిచి వచ్చినంత మాత్రాన లీజు ముగియదు. అయితే దారి లేకపోలేదు. స్త్రీలపై హింసకు సంబంధించిన కేంద్ర చట్టంలో అద్దెదారులకు ఇచ్చిన రక్షణ ప్రభుత్వ సహాయం ఉన్న ఇళ్లకే వర్తిస్తుంది. మనవాళ్లుండే ప్రైవేటు అపార్ట్‌మెంట్లకు రాష్ట్రాల చట్టాలే గతి. టెక్సాస్ ఆస్తి చట్టం 92.016 సెక్షను ప్రకారం కుటుంబ హింసకు గురైన అద్దెదారు లీజు రద్దు చేసుకుని, ఇల్లు ఖాళీ చేసి, ఆపై అద్దె నుంచి బయటపడవచ్చు. మామూలుగా 30 రోజుల నోటీసు కావాలి. కొట్టినవాడు అదే ఇంట్లో ఉంటుంటే ఆ నోటీసు కూడా అక్కర్లేదు. న్యూజెర్సీలో 2008లో ఇలాంటి చట్టం చేశారు. యజమానికి నోటీసు అందిన 30వ రోజున లీజు ముగుస్తుంది. కాలిఫోర్నియాలో నోటీసు ఇచ్చాక 14 రోజులకు మించి అద్దె బాధ్యత ఉండదు.

మన 2005 గృహ హింస చట్టాన్ని దీని పక్కన పెట్టి చూడండి. మన చట్టం ప్రధానంగా ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది. అద్దె కాగితంలో ఆమె పేరు లేకపోయినా అది ఉమ్మడి నివాసమే. అవసరమైతే వేరే ఇంటికి అతని చేత అద్దె కట్టించవచ్చు. అమెరికాలోనూ కోర్టు ఉత్తర్వుతో అతన్ని ఇంట్లోంచి పంపించవచ్చు. కానీ సంపాదన లేని ఆమె ఆ ఇంటికి వచ్చే నెల అద్దె ఎక్కణ్ణుంచి తెస్తుంది? అందుకే వెళ్లిపోయే హక్కు ముఖ్యమైంది. నాకున్న అభ్యంతరం ఒకటే. దెబ్బలు రుజువైతేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. కొట్టకుండానే ఊపిరాడనివ్వని కాపురం నుంచి వచ్చేవాళ్లకు ఈ చట్టాల్లో పెద్దగా చోటు లేదు.

ఆ రుజువంటే కాగితం. టెక్సాస్‌లో కోర్టు రక్షణ ఉత్తర్వు, లేదా పరీక్షించిన డాక్టరో, మానసిక చికిత్స నిపుణులో, సహాయం చేసిన బాధితుల కార్యకర్తో రాసిచ్చిన పత్రం. డాలస్ అమ్మాయి మణికట్టు విరిగి ఆసుపత్రికి వెళ్లింది. నర్సు రెండుసార్లు అడిగింది. బాత్రూంలో జారిపడ్డానని చెప్పింది. ముందురోజు రాత్రి తల్లి ఫోన్‌లో "బయటివాళ్లకు చెప్పకమ్మా, చెల్లెలి పెళ్లి ఉంది" అందట. ఆ ఒక్క మాటతో ఆమెకు పనికొచ్చే కాగితం పుట్టకుండా పోయింది. తల్లిని తప్పుపట్టడం తేలిక. ఆమె స్థానంలో ఉంటే నేనేం చెప్పేదాన్నో నాకే తెలియదు.

వకీళ్ల సంగతి. 1974లో ఏర్పడిన లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ నిధులతో అక్కడ ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు నడుస్తున్నాయి. హెచ్-4 మీద ఉన్నవాళ్ల కేసులు అవి మామూలుగా తీసుకోకూడదు. గృహ హింసకు గురైనవాళ్లకు మినహాయింపు ఉంది, ఆ హింసతో సంబంధమున్న పనికి. కాబట్టి ఫోన్ చేసి "అద్దె గొడవ" అని మొదలుపెడితే వీసా అడిగి పంపించేయవచ్చు. "ఇంట్లో హింస వల్ల ఇల్లు వదలాల్సొచ్చింది, లీజు రద్దు చేయాలి" అన్నది మొదటి వాక్యం కావాలి. దక్షిణాసియా స్త్రీల కోసం న్యూజెర్సీలో 1985లో పుట్టిన మానవి, న్యూయార్క్‌లో 1989 నాటి సఖి, హ్యూస్టన్‌లో 1996 నాటి దయ వంటి సంస్థలున్నాయి. మన భాషల్లో విషయం విని, ఎవరి దగ్గరికి వెళ్లాలో చెబుతారు.

మీ దగ్గరికి వచ్చేది సాధారణంగా ఇక్కడున్న తల్లిదండ్రులు. పోలీసు కేసు గురించి, పాస్‌పోర్టు గురించి అడుగుతాం. దాంతోపాటు లీజు ఎవరి పేరున ఉంది, ఎన్ని నెలలు మిగిలింది, డాక్టరుకు ఏం చెప్పింది అని కూడా అడగండి. వీలైతే, భద్రంగా ఉంటే, లీజు పేజీలు ఫోటో తీసి పంపమనండి. అతను చూసే ఈమెయిలుకు కాదు. ఇల్లు వదిలాక డిపాజిట్ కావాలంటే టెక్సాస్‌లో కొత్త చిరునామా రాసివ్వాలి. అది అతని చేతికి చిక్కుతుందని భయపడి డబ్బు వదులుకుంటారు. అక్కడి అటార్నీ జనరల్ కార్యాలయం బాధితులకు మారు చిరునామా ఇచ్చే పథకం నడుపుతోంది. దాని గురించి అడగమనండి.

ఆ అమ్మాయి బాకీ ఇంకా తేలలేదు. తన లీజు నకలు నాకిచ్చింది. పేర్లు కొట్టేసి జిరాక్సులు తెచ్చాను. భోజనం తర్వాత నలుగురైదుగురు చొప్పున కూర్చుని, ఒక్కో పేజీ చదువుదాం.