వ్యాసమును కూర్చు విధము



వార్త వేరు, విశేష వ్యాసము వేరు. వార్త జరిగినదానిని చెప్పి ఊరకుండును. విశేష వ్యాసము దాని వెనుకముందులను చూపి, చదువరి మనస్సున నిలుపును. అట్టి వ్యాసమును కూర్చు విధమును మన గండికోటనే ఉదాహరణముగా గొని మనవి చేసెదను.

గండికోట యనగానే ఎన్నియో తోచును: ఎర్రమల కొండలు, పెన్న కోసిన గండి, పెమ్మసాని నాయకులు, మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారము. వీని నన్నింటిని వరుసగా పేర్కొన్నచో పట్టీ యగును గాని వ్యాసము కానేరదు. కళ్ళములో గింజయు పొల్లును కలిసియే యుండును; తూర్పార పట్టినగాని గాదెకు చేరదు.

తూర్పార పట్టుటకు చేట యేది? మన శాస్త్రకారులు గ్రంథారంభమున నాలుగు అనుబంధములను చెప్పిరి. దేనిని గూర్చి వ్రాయుదుము? అది విషయము. ఎందులకు? అది ప్రయోజనము. గ్రంథమునకును ఆ విషయమునకును గల పొత్తు సంబంధము. ఎవరికొరకు? అతడు అధికారి. ఈ నాలుగును తేలక ముందు కలము పట్టరాదు.

విషయము ఒక్క ప్రశ్నగా నుండుట మేలు. "ఇంత దుర్గమమైన కోట 1650 ప్రాంతమున మీర్ జుమ్లా వశమెట్లయ్యెను?" అని అడిగితిమనుకొనుడు. అప్పుడు గండి లోతు, ఇరుకుదారి, ఫిరంగులు నిలుచును. గుడిలోని శిల్పము ఎంత అందమైనదైనను వేరొక వ్యాసమునకు వేచియుండవలసినదే.

ఇక ఉపక్రమము. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను చూచెను. ఆ నవాబు కాలివ్రేళ్ళ సందులను, ఎడమచేతి వ్రేళ్ళ సందులను ఉత్తరములు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు వ్రాయించుచుండెనని అతడు వ్రాసెను. ఇట్లు మొదలిడినచో మనిషి కన్నులకు కట్టును. ఇతడెవడు, ఈ కొండపై నేమి చేయుచున్నాడని చదువరియే అడుగును. అతడు అడిగిన వరుసనే మనము చెప్పుచు పోవలయును. అదియే కూర్పు.

కాని టావెర్నియే గెలిచినవాని అతిథి. ఓడినవారి పక్షమును వినక తీర్పు చెప్పుట ధర్మము కాదు. మెకంజీ దొర కూర్పించిన కైఫీయతులలో స్థానికుల మాటలు గలవు. ఆ రెంటిని ఎదురెదురుగా నిలిపి, ఏది ఎంతవరకు నమ్మదగినదో విచారించి, పిమ్మట సిద్ధాంతము చెప్పవలయును. ఉపసంహారము మొదటి ప్రశ్నకు సమాధానమై యుండవలయును. చెప్పినదే మరల చెప్పుట ఉపసంహారము కాదు.

ఇదంతయు పండితుల పని యందురేమో. 2020లో గండికోట జలాశయమున నీటి నిలువ పెంపగా, కొండాపురము మండలములోని తాళ్ళప్రొద్దుటూరు వాసులు ఊరు విడువవలసి వచ్చినది. కరవుసీమకు నీరు కావలసినదే, కాదనువారు లేరు. అయినను ఆ యూరి బావులకు గల పేర్లు, చేల గట్లు, తిరునాళ్ళ త్రోవలు నీటిక్రింద ఎవరికి కనబడును? అవి ఇక పెద్దల జ్ఞాపకములోనే యున్నవి. జ్ఞాపకమును క్రమము లేక చెప్పినచో మనుమడు నడుమనే లేచిపోవును. క్రమముగా వ్రాసినచో వాని మనుమడును చదువును.

కావున మీ యూరిని గూర్చి ఒక ప్రశ్న కాగితముపై వ్రాయుడు. మన చెరువు ఎవరు త్రవ్వించిరి? ఈ వీధి ఎందుకు పాడుబడెను? ముగ్గురు వృద్ధులను వేర్వేరుగా అడుగుడు. వారి మాటలు కలియని చోట ఆ భేదమును దాచక వ్రాయుడు. ప్రశ్నకు పనికిరాని దానిని, ఎంత ప్రియమైనను, ప్రక్కన నుంచుడు. ఊరికి ఒక్క వ్యాసము నిలిచినను, ఊరు లేనినాడు అదియే ఊరగును.