సిపాయి వరుస నుండి అధికారి వరుసకు

(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



షోలాపూరులో మగ్గాల చప్పుడు మధ్య తెలుగు అక్షరాలు దిద్దిన వారిలో నేనొకణ్ణి. మన పాఠశాల డెబ్బది ఐదేళ్ల పండుగనాడు ఈ వేదికపై నిలువగలగడం నా భాగ్యం. సిపాయిగా చేరినవాడు అధికారి కావడమెలాగో పిల్లలకు వివరించమని నిర్వాహకులు కోరారు. మార్గమూ చెబుతాను, ఆ మార్గంలో నేను చేసిన తప్పులూ చెబుతాను.

1982లో ఖడ్కీలోని బాంబే ఇంజనీర్ గ్రూపులో చేరాను. ఆ శాఖలో సిపాయిని సాపర్ అంటారు. సిపాయికి ఎదురుగా కనిపించే మెట్లు నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. చివరి మెట్టు చేరేసరికి తల నెరుస్తుంది. విశిష్ట సేవ చేసిన కొందరికి గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదాలు లభిస్తాయి. 1941లో సిపాయిగా చేరి, 1948లో టిథ్వాల్ పోరులో పరమవీరచక్ర సాధించిన కరమ్ సింగ్ గౌరవ కెప్టెన్‌గా విరమించారు. అది మహోన్నతమైన గౌరవమే. అయితే యౌవనంలోనే పూర్తి కమిషన్ పొందడానికి మరొక ద్వారం ఉన్నది. అదే ఆర్మీ కేడెట్ కాలేజి.

దాని మూలం 1929లో మధ్యభారతంలోని నౌగాంవ్‌లో వెలసిన కిచెనర్ కాలేజి. 1960 మే నెలలో అది పుణెలో కొత్త పేరుతో ఆరంభమయింది. 1977లో డెహ్రాడూన్‌కు తరలి, 1932లో ప్రారంభమైన ఇండియన్ మిలిటరీ అకాడమీలో భాగమయింది. రెండేళ్ల సర్వీసు, పన్నెండవ తరగతి ఉత్తీర్ణత, ఇరవై నుండి ఇరవై ఏడేళ్ల లోపు వయస్సు ఉన్న జవాను దీనికి పోటీ పడవచ్చును. వ్రాతపరీక్ష గట్టెక్కితే సెలక్షన్ బోర్డు ఐదు రోజులు పరీక్షిస్తుంది. ఎంపికైనవారు మూడేళ్లు చదివి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పట్టా పొందుతారు. పిమ్మట ఒక ఏడాది అకాడమీలో శిక్షణ. అప్పుడే కమిషన్.

నేను మొదటిసారి వ్రాతపరీక్షలోనే తప్పాను. ఇంగ్లీషు పత్రం నన్ను ముంచింది. ఆ ఉక్రోషంతో మన తెలుగు మాస్టారుగారికి ఉత్తరం వ్రాశాను. తెలుగు మాధ్యమంలో చదవడమే నా దురదృష్టమని అందులో నిష్ఠూరమాడాను. ఆయన కార్డుముక్క మీద జవాబిచ్చారు. ఒక విషయాన్ని తెలుగులో పది వాక్యాలలో క్రమంగా చెప్పగలిగితే, దానినే ఇంగ్లీషులో చెప్పడం ఏడాది శ్రమ. తెలుగులోనే చెప్పలేకపోతే ఏ భాషా ఆదుకోదు. ఇదీ దాని సారాంశం. ఆ సంవత్సరమంతా రాత్రి కాపలా ముగించి వచ్చాక ప్రతిదినం ఒక పుట తెలుగులో వ్రాసి, దానిని ఇంగ్లీషులో తిరిగి వ్రాశాను. మా హవల్దారు ఉస్తాద్ తన లాంతరు నాకిచ్చేవారు. మరుసటి ఏడు గెలిచాను. గెలిపించినది నేను నిందించిన చదువే.

1989 డిసెంబరులో సెకండ్ లెఫ్టినెంట్‌నయ్యాను. ఆనాటి హోదాకు భుజానికి ఒక్కొక్క నక్షత్రం. దానిని తగిలించడానికి మా నాన్నగారు షోలాపూరు నుండి వచ్చారు. మసక వెలుతురులో తెగిన పోగును అతుకగల ఆయన వ్రేళ్లు ఆ రోజు వణికాయి.

ఇక అసలు తప్పు. పటాలంలో చేరిన మొదటి చలికాలం, ఒక వంతెన తెల్లవారేలోగా నిలపవలసి ఉన్నది. నా మనుషులను చీకటిపడ్డప్పటి నుండి ఆపకుండా పని చేయించాను. మా సుబేదారుగారు నాకంటె రెండింతల సర్వీసు ఉన్నవారు. దగ్గరకు వచ్చి, సెల్యూట్ చేసి, "సాహెబ్, మనవాళ్లు ఇంకా భోజనం చేయలేదు" అన్నారు. అంతే. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నేను తలదించుకొన్నాను. పళ్లెం పట్టుకొని ఆ వరుసలో నిలబడినవాణ్ణే నేను. నాలుగేళ్ల శిక్షణలో ఆ ఆకలినే మరచిపోయాను!

అకాడమీలోని చెట్‌వుడ్ హాలులో ప్రతి కేడెట్ చదివే ఆదర్శం ఒకటున్నది. దేశరక్షణ మొదటిది, తన క్రింది సైనికుల క్షేమం రెండవది, తన సుఖం ఎప్పుడూ చివరిది. నేను దానిని కంఠస్థం చేశాను. అర్థం మాత్రం ఆ రాత్రి సుబేదారుగారు చెప్పారు. ఆయన సెల్యూట్ నాకు కాదు, నా భుజం మీది కమిషన్‌కు. దానికి తగినవాడనని ప్రతిదినం నిరూపించుకోవలసినది నేనే. పని గంటసేపు ఆగింది, అందరూ భోంచేశారు. వంతెన తెల్లవారేసరికి నిలిచింది.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. మీ బిడ్డ సిపాయిగా చేరితే చదువు ముగిసిందని దిగులు పడకండి. పుస్తకాలు పంపుతూ ఉండండి. ఉపాధ్యాయులు పాత విద్యార్థి ఉత్తరానికి, అది నిష్ఠూరంగా ఉన్నా, జవాబివ్వండి. ఒక కార్డుముక్క ఎంత పని చేస్తుందో నాకు తెలుసు. పిల్లలారా, పైమెట్టు ఎక్కాలని తప్పక కోరుకోండి. ఎక్కిన తరువాత క్రింది మెట్టు మీద నిలిచినవాని ఆకలిని మరువకండి.